వేడినీళ్ళ ట్యాంకు వెనక

ధారావాహిక: పదమూడో వారం

"ఆ అలమర జోలికి వెళ్ళొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

కఫోవా నడవాలో అలమర తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఆరడుగుల మనిషి, గోదాములో పాతిక కిలోల బస్తాలు రెండేసి భుజాన వేసుకునే మనిషి, రెండడుగుల వెడల్పు లేని చెక్కతలుపుకి కాపలా కాస్తున్నాడు. ఇంకో రోజైతే లోసలినే పగలబడి నవ్వేది.

"పదిహేను నిమిషాలు. అంతే," అంది ఆమె, ఫోను చూపిస్తూ. "అలారం పెట్టుకుంటాను. మోగగానే ఆపేస్తాను. వంటింటి రెండో సొరుగు అలాగే అయింది. మందుల డబ్బా, ఫ్రిజ్ నెత్తిమీద, చెప్పుల మూల, అన్నీ అలాగే అయ్యాయి. ఇల్లు మొత్తానికి మిగిలింది ఇదొక్కటే."

"మిగిలితే మిగలనీ."

"పుట్టబోయేదాని బట్టలు ఎక్కడ పెడదాం? నీ నెత్తిమీదా?"

"నా నెత్తిమీదే పెట్టు. ఈ తలుపు మాత్రం తియ్యకు."

లోసలినే అతని మొహంలోకి చూసింది. తొమ్మిదేళ్ళ కాపురంలో ఆ మొహంలో కోపం చూసింది, విసుగు చూసింది. ఇవాళ కనిపిస్తున్నది భయం.

"ఏముంది అందులో?"

"ఏమీ లేదు. వేడినీళ్ళ ట్యాంకుంది. పాత దుప్పట్లున్నాయి. చెయ్యి కాలుతుంది." అతను గోడగడియారం వైపు చూశాడు. "పదిన్నరయింది. పన్నెండింటికల్లా పెద్దత్త వచ్చేస్తుంది. నేను వెళ్ళి పంది మాంసం, చేమదుంపలు తెచ్చుకోవాలి. ఒట్టు వెయ్యి."

"ఏమని?"

"తియ్యనని."

ఆమె మాట్లాడలేదు. ఆ ఊరుకోవడాన్నే ఒట్టు కింద జమకట్టుకుని కఫోవా తాళాలు తీసుకున్నాడు. పోతూ పోతూ కొత్త స్పీకరు పెట్టెని బట్టలు ఉతికే మిషన్లో పెట్టి, పైన రెండు తడి తువ్వాళ్ళు కప్పి మరీ పోయాడు.

ఆ ఇంట్లో దాచడం అనేది అతనికి తల్లిపాలతో అబ్బింది. వాళ్ళ ఆచారంలో తండ్రి అక్కకి, అంటే పెద్దత్తకి, తమ్ముడి ఇంట్లో ఎదురులేదు. గడప దాటి వచ్చి, "ఇది బాగుందే" అన్నదంటే అది ఆవిడదే. ఒకసారి టీవీ బాగుందంది, టీవీ వెళ్ళిపోయింది. ఇంకోసారి కర్టెన్లు బాగున్నాయంది. ఆ రాత్రి వీధిలో పోయేవాళ్ళందరికీ ఇంట్లో అన్నాలు తింటున్నవాళ్ళు కనపడ్డారు. అలా అనుభవమయ్యాక అత్తగారు అకేసా తెలివి మీరింది. సముద్రం అవతలి సొంత దీవి వవావు నుంచి ఆడపడుచు బయల్దేరిందని తెలిస్తే చాలు, ఇంట్లో కళ్ళకి నదరుగా ఉన్న ప్రతిదీ మూలమూలల్లోకి దూరిపోయేది. ఆవిడ వెళ్ళిపోయాక ఎక్కడ పెట్టిందో అత్తగారికే గుర్తుండేది కాదు.

అత్తగారు పోయి పది నెలలు. ఆ మూలలన్నీ అలాగే ఉన్నాయి.

సర్దే పద్ధతి లోసలినేకి తను పనిచేసే వృద్ధాశ్రమం లాండ్రీలో పక్క మిషను దగ్గరుండే జెనీన్ నేర్పింది. "ఇల్లంతా సర్దాలనుకుంటే ఈ జన్మలో సర్దలేవు. అరచెయ్యంత చోటు పట్టుకో. లోపలిదంతా బయట పడెయ్యి. చేతిలోకి తీసుకున్నదాన్ని మూడు లెక్కపెట్టేలోపు తేల్చెయ్యి. ఉంచడమా, ఇచ్చెయ్యడమా, పారెయ్యడమా. ఆలోచించావో చచ్చావే. అలారం మోగగానే లేచిపో." మూడు సంచులు, పదిహేను నిమిషాలు. ఐదో నెల కడుపుతో వంగలేని మనిషికి ఇంతకంటే హాయైన పద్ధతి లేదని లోసలినే మురిసిపోయింది, మొదటి రోజు.

రెండో రోజు బియ్యం డబ్బా అడుగున వెండి చెంచాలు దొరికాయి. మందుల డబ్బాలో దూది కింద ముత్యాల పిన్ను. చెప్పుల మూలలో చిల్లిపడ్డ బూటులో కొత్త గడియారం. ప్రతిదీ చర్చి కేలండరు కాగితంలో చుట్టి, ఎండిన మొగలాకు పేలికతో రెండు ముళ్ళు వేసి ఉంది. ముడి విప్పిన ప్రతిసారీ పూలు వేసి కాచిన కొబ్బరినూనె వాసన గుప్పుమనేది, అత్తగారి తలలోంచి వచ్చే వాసన. లోసలినే మూడు లెక్కపెట్టేది. నాలుగు, ఐదు, పది దాకా లెక్కపెట్టి కూడా ఆ పొట్లాన్ని ఏ సంచిలో వెయ్యాలో తెలిసేది కాదు.

ఇల్లు ఖాళీ అవుతున్నకొద్దీ అందులో అత్తగారు ఎక్కువవుతోంది. మొన్న గురువారం, పట్టపగలు, నడవాలోంచి గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది. చర్చిలో పాట ఎత్తుకునే ముందు అకేసా అలాగే సవరించుకునేది. ట్యాంకులో నీళ్ళు మరిగే చప్పుడే అయ్యుంటుందని లోసలినే తనకి తానే చెప్పుకుంది. చెప్పుకుని, వరండాలోకి వెళ్ళి కూర్చుంది. కఫోవా వచ్చేదాకా లోపలికి రాలేదు.

ఇప్పుడు కారు చప్పుడు వీధి మలుపు తిరిగింది. లోసలినే అలారం పెట్టి అలమర తలుపు తీసింది.

పైన రెండు అరల్లో దుప్పట్లు. మూడు సంచులూ చకచకా నిండాయి. చిరిగినవి పారెయ్యడానికి, బాగున్నవి చర్చికి, రెండు మాత్రం ఉంచుకోవడానికి. ఏడు నిమిషాలైంది. కింద అర ఖాళీ. ట్యాంకు వెనక మాత్రం గోడకి ఆనించి, నిలువుగా, తెల్లదుప్పటి చుట్టిన పొడుగాటి కట్ట ఒకటి నిలబడి ఉంది.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, పొట్ట తలుపుకి తగలకుండా చెయ్యి లోపలికి పోనిచ్చి లాగింది. కట్ట తేలిగ్గా వచ్చేసింది. కేలండరు కాగితం లేదు. మొగలాకు ముళ్ళు మాత్రం ఉన్నాయి. రెండు కాదు, ఏడు.

ఆరో ముడి దగ్గరే లోసలినేకి అర్థమైపోయింది. వాసనని బట్టి అర్థమైంది.

పట్టులాంటి మెత్తటి చాప. తేనెరంగుకి తిరిగిన పాత చాప, అంచున ఎర్ర ఈకలు. పెళ్ళిరోజు దీనిమీదే తననీ కఫోవానీ కూర్చోబెట్టారు. "పడుకునే చాప కాదమ్మా ఇది, దీనికి పేరుంది, ఉత్తరపుగాలి. నాలుగు తరాలది," అని అత్తగారు గర్వంగా చెప్పింది. ఆ తర్వాత రెండేళ్ళకి మామగారు పోయారు. అంత్యక్రియల్లో తలవైపు కూర్చునే హక్కు అక్కగా పెద్దత్తది, చాపల్లోకెల్లా మేలైనదీ ఆవిడదే. పెద్దత్త అందరి ముందూ ఉత్తరపుగాలిని అడిగింది. వవావు ఇంట్లో ఉంచితే తుఫానుకి కొట్టుకుపోయిందని అత్తగారు చెప్పింది. అందరి ముందూ, కళ్ళలో కళ్ళు పెట్టి చెప్పింది.

ఆ తర్వాతి ఏడాది లోసలినేకి ఏడో నెలలో బిడ్డ పోయింది. తర్వాత ఇంకో రెండు, మూడో నెల నిండకుండానే. మేనత్త మనసు కష్టపెట్టిన ఇంట్లో పిల్లలు నిలవరని తెలియనిదెవరికి? చర్చిలో ఆడవాళ్ళెవరూ పైకి అనలేదు. లోసలినే లోపలికి వచ్చినప్పుడు మాత్రం మాటలు ఆపేసేవాళ్ళు.

అందుకే ఈసారి పెద్దత్తని తనే ఫోను చేసి రమ్మంది. వచ్చి కడుపు మీద చెయ్యి వేసి, బిడ్డకి పేరు పెట్టమంది. కఫోవాకి అక్కచెల్లెళ్ళు లేరు, పేరు పెట్టే హక్కు ఆవిడదే. దాచేదేమీ ఉండకూడదు, ఇంట్లో ఏది బాగుందన్నా ఇచ్చెయ్యాలి, అడగందే ఇచ్చెయ్యాలి. అలా ఇల్లంతా ఖాళీ అయిపోయినా సరే, ఈ ఒక్కటి నిలిస్తే చాలు.

తీరా చూస్తే దొంగసొత్తు ఇంట్లోనే ఉంది. ఇన్నేళ్ళుగా తను తువ్వాళ్ళు ఆరబెట్టుకుంటున్న తలుపు వెనకే ఉంది.

నడవాలో చాప పరిచింది. ఈకల అంచు మూడు వైపులే ఉంది. నాలుగో వైపు సన్నటి పోగులు తిన్నగా తెగి ఉన్నాయి, కత్తెర పెట్టి కోసినట్టు.

అలారం మోగింది. లోసలినే లేవలేదు.

*

కఫోవా మాంసం పళ్ళెం గుమ్మంలో దింపి, నడవాలోకి వచ్చి, ఆగిపోయాడు.

"చుట్టెయ్," అన్నాడు.

"సగమే ఉంది."

"చుట్టెయ్ లోసా. ఆవిడ పాస్టరుగారి వ్యాన్లో వచ్చేస్తోంది. దారిలో చూశాను."

"మీ అమ్మ పెద్దత్తకి అబద్ధం చెప్పిందా?"

"చెప్పింది. చచ్చిపోయింది. ఇప్పుడేం చేస్తావు? ఊరంతటినీ పిలిచి మా అమ్మ దొంగ అని చెప్తావా? పాతికేళ్ళు చర్చిలో పాట ఎత్తుకున్న మనిషి. పోయిన నెల దాకా అందరూ వచ్చి ఆవిడ పేరు చెప్పుకుని ఏడ్చారు. ఆ పేరు నువ్వే తీస్తావా?"

"నాకు పేరు కాదు కావలసింది," అంది లోసలినే. గొంతు పెరిగింది. "నాకు బిడ్డ కావాలి. మూడు పోయాయి. ఈ గుడ్డముక్క కోసం మూడు పోయాయి!"

"ముక్క అనకు దాన్ని."

"సగం కోసినదాన్ని ముక్క అనక ఏమంటారు? మిగతా సగం ఏది?"

కఫోవా వంగి చాప అంచు పట్టుకున్నాడు. చుట్టడానికి కాదు. తెగిన వైపు వేళ్ళతో తడుముతూ అలాగే ఉండిపోయాడు.

"నాకు తెలీదు," అన్నాడు.

అబద్ధమాడేటప్పుడు కఫోవా నేల చూస్తాడు. లోసలినే అతనితో పాటు నేల వైపే చూసింది. ఇద్దరి మధ్యా చాప ఉంది. ట్యాంకు గొంతు సవరించుకుంది.

"విన్నావా?" అంది ఆమె మెల్లగా.

"వేడినీళ్ళు."

"నేను అది అడగలేదు. విన్నావా అని అడిగాను."

అతని చేతులమీద వెంట్రుకలు లేచి ఉన్నాయి. "రోజూ వింటున్నాను," అన్నాడు.

బయట వ్యాను ఆగింది. తలుపు తెరుచుకున్న చప్పుడూ, పాస్టరుగారి భార్య వీడ్కోలూ, ఆ రెండింటినీ మించి ఒక గొంతూ వినిపించాయి. "ఏరా కఫోవా! మేనత్త వస్తే ఎదురొచ్చే తీరికైనా లేదురా నీకు? లేక నన్ను చూడగానే ఇంకా దాచుకోవాల్సింది గుర్తొచ్చిందా?"

లోసలినే చాపని గబగబా చుట్టి దుప్పట్ల సంచిలో కుక్కింది. ఏ సంచో చూసుకోలేదు.

*

ఫిఫిటా పెద్దత్తకి డెబ్బై రెండేళ్ళు. వాళ్ళ మర్యాద ప్రకారం నడుముకి చుట్టుకున్న చాప మీద చేతులు రెండూ పెట్టుకుని, ఉన్న ఒక్క మంచి కుర్చీలో కూర్చుంది. కఫోవా నేల మీద, ఆవిడ కంటే కిందన, తల వంచుకుని కూర్చున్నాడు. ఆవిడ ముందు అతను ఎప్పుడూ అలాగే కూర్చుంటాడు.

కొబ్బరిపాలు పోసి చేమాకుల్లో చుట్టి వండిన మాంసం రెండు పొట్లాలు తిన్నది. మూడోది విప్పుతూ ఇల్లంతా కలియజూసింది.

"ఇదేంటే, ఇల్లు ఊడ్చేసినట్టుంది! దొంగలు పడ్డారా, లేక నేనొస్తున్నానని ముందే తెలిసిపోయిందా?"

"సర్దుకున్నాను పెద్దత్తా," అంది లోసలినే. "కొంచెం కొంచెంగా. రోజుకో మూల."

"మూలలు సర్దావా? అయితే బానే దొరికి ఉంటాయి." పెద్దత్త నవ్వింది. "మీ అత్తగారు బియ్యం డబ్బాలో దాచేది. బూట్లలో దాచేది. నాకు తెలీదనుకునేది పిచ్చిది. నీ మొగుడెక్కడ దాస్తాడు? చెప్పరా. బట్టల మిషన్లోనా?"

కఫోవా చెవులు ఎర్రబడ్డాయి.

"ఉంచుకో ఉంచుకో. పాటలు వినే వయసు కాదు నాది." ఆవిడ చెయ్యి తుడుచుకుని లోసలినే వైపు చాచింది. "ఇటు రా. చూడనీ."

లోసలినే వెళ్ళి ముందు నిలబడింది. పెద్దత్త అరచెయ్యి పొట్ట మీద పడింది. వెచ్చటి, బరువైన చెయ్యి. పొట్టలో చిన్న కదలిక వచ్చింది. ఆ కదలికతో పాటే లోసలినే కళ్ళలోంచి నీళ్ళు ఉబికాయి. ఇంక ఆగేలా లేవు.

"పెద్దత్తా, మిమ్మల్ని ఒకటి అడుగుతాను. కోప్పడకండి."

"లోసా," అన్నాడు కఫోవా నేల వైపు చూస్తూనే.

"మామగారి చావుకి వచ్చినప్పుడు మీరు మా అత్తగారిని ఏమైనా అన్నారా?"

పెద్దత్త చెయ్యి తియ్యలేదు. పక్కింటివాళ్ళ గడ్డికోత మిషను మోగుతోంది. అది ఆగేదాకా చూసి అప్పుడు నోరు తెరిచింది.

"అన్నాను. తుఫానుకి పోయిందని నా మొహం మీద చెప్పింది. ఆ వీధిలో ఉండేదాన్ని నేను. ఆ తుఫానుకి మా వీధిలో ఒక్క అరటిచెట్టు పడలేదు. అయినా పదిమంది ముందు అబద్ధాలకోరు అనలేదు. సమాధి పూడ్చి వచ్చాక, చేతులు కడుక్కునేచోట, ఆవిడొక్కదానితో అన్నాను."

"ఏమన్నారు?"

"ఆ చాప ఉంటే గింటే, నీ వంశంలో పసిబిడ్డ ఎవరూ దానిమీద పడుకోరు అన్నాను." ఆవిడ గొంతు కిందికి జారింది. "కోపంలో అన్నానే. తమ్ముణ్ణి అప్పుడే మట్టిలో పెట్టి వచ్చాను. తర్వాత ఎన్నిసార్లు మోకాళ్ళ మీద కూర్చుని దేవుడికి చెప్పుకున్నానో. మూడోది కూడా పోయిందని ఫోనులో విన్నప్పుడు ఇంక ఈ ఇంటికి వచ్చే మొహం లేకపోయింది నాకు."

"మూడోది కాదు," అంది లోసలినే. "అంటే, మూడూ ఒకలాంటివి కావు. మొదటిది ఏడో నెల. పురుడు పోసుకున్నాను. ఆడపిల్ల."

పెద్దత్త చెయ్యి పొట్టమీంచి లేచింది.

"ఏడో నెలా? నాకు ఎవరు చెప్పారు ఏడో నెలని? నెల తప్పి నిలవలేదన్నారు. ఏరా?"

కఫోవా తల ఇంకా కిందికి వంచాడు.

"ఏడో నెల బిడ్డంటే మనిషి. కాళ్ళూ చేతులూ ఉన్న మనిషి. దానికి సాగనంపడం ఉంటుంది, తలవైపు కూర్చోవడం ఉంటుంది. ఎవరు కూర్చున్నారు? నా మేనల్లుడి బిడ్డని ఎక్కడ పెట్టారు?"

"ఆసుపత్రివాళ్ళే చూసుకున్నారు," అంది లోసలినే. ఆరేళ్ళుగా అదే వాక్యం అలవాటుగా అంటోంది. "నాకు రక్తం పోయి మూడురోజులు తెలివి లేదు. లేచాక అడిగితే అలాగే చెప్పారు."

"ఎవరు చెప్పారు?"

లోసలినే భర్త వైపు తిరిగింది. చెప్పింది అతనే.

ఇంక ఆమె ఆగలేదు. నడవాలోకి వెళ్ళి మొదటి సంచి బోర్లించింది, రెండోది బోర్లించింది. చాప చిరిగిన దుప్పట్ల సంచిలో, చెత్తలోకి పోవలసినవాటి మధ్య దొరికింది. తెచ్చి పెద్దత్త కాళ్ళ దగ్గర పరిచింది.

"ఇది మీది. ఇందాకే దొరికింది. సగమే ఉంది. నేను కొయ్యలేదు. మిగతా సగం ఏమైందో నాకు తెలీదు. తెలిసినవాడు అక్కడ కూర్చున్నాడు."

పెద్దత్త కుర్చీలోంచి దిగింది. డెబ్బై రెండేళ్ళ మనిషి, కుర్చీ చెయ్యి పట్టుకుని, మోకాళ్ళు కటకటమంటుంటే దిగి, చాప పక్కన కూర్చుంది. ఈకలు తడిమింది. తెగిన అంచు మీదికి వచ్చేసరికి చేతిని వెనక్కి లాక్కుంది.

"ఎవరు కోశారు దీన్ని?" అంది. అరవలేదు. అరిస్తేనే బాగుండేదనిపించింది లోసలినేకి. "మా నాయనమ్మ దీన్ని కూతురి పెళ్ళికి కూడా ఇవ్వలేదు. ఎవరికి చేతులు వచ్చాయి?"

"అమ్మ కోసింది," అన్నాడు కఫోవా. "ఒక చివర నేను పట్టుకున్నాను."

ఆ గదిలో ఇద్దరు ఆడవాళ్ళూ అతని వైపు చూశారు. అతను మాత్రం తన చేతులు చూసుకుంటున్నాడు.

"నువ్వా?" అంది లోసలినే.

"పాపని ఆసుపత్రివాళ్ళు తువ్వాలులో చుట్టి ఇచ్చారు. తెల్లటి తువ్వాలు, మీద ఆసుపత్రి ముద్ర. అమ్మ చూసి, ముద్రేసిన గుడ్డలోనా నా మనవరాల్ని పెట్టేది అంది. ఇంటికొచ్చి ఇది తీసింది. ఇంత చిన్నదానికి మొత్తం చాప పట్టదు, కత్తెర తే అంది. తెచ్చాను. పట్టుకో అంది, పట్టుకున్నాను." అతను ఊపిరి పీల్చుకున్నాడు. "కోస్తూ ఏడవలేదు. పడుకోదు అన్నారుగా, ఇదిగో పడుకుంటోంది చూడండి, అంటూ కోసింది. ఎవరితో అంటోందో నాకప్పుడు తెలీదు. ఇప్పుడు తెలిసింది."

పెద్దత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చేతి వెనకనుంచి ఒక చప్పుడు వచ్చింది, ఏడుపూ కాదు, మాటా కాదు.

"ఈ సగం దేనికి ఉంచింది?" అంది లోసలినే.

"తర్వాత పుట్టేదానికి. బతికి పుట్టేదానికి. అప్పుడు పరుస్తానంది. రెండోది పోయింది, మూడోది పోయింది, ట్యాంకు వెనక పెట్టేసింది. వెచ్చగా ఉంటే చెడిపోదంది."

లోసలినే రెండు చేతులూ పొట్ట మీదికి వెళ్ళాయి. సగం మట్టిలో, సగం ట్యాంకు వెనక. ఇన్నాళ్ళూ అది ఈ బిడ్డ కోసం కాచుకుని ఉందా, మొదటిది తన మిగతా సగాన్ని అడుగుతోందా?

"ఎక్కడ?" అంది. "ఎక్కడ పెట్టారు నా బిడ్డని?"

కఫోవా తెగిన చాప అంచుకేసి చూస్తున్నాడు.

"కఫోవా, నిన్నే. ఎక్కడ?"

"అమ్మ తనకని ఒక గుంట కొనుక్కుందిగా, శ్మశానంలో వేపలాంటి చెట్ల వరసలో. లోతుది, ఇద్దరికి సరిపోయేది. అందులో. ముందు పాపని. తర్వాత..." అతని మాట తడబడింది. "పది నెలల కింద అమ్మని. పైన."

అది లోసలినేకి ఒక్కసారిగా ఎక్కలేదు. మాటలు విడివిడిగా వచ్చి కూర్చున్నాయి. పది నెలలుగా ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఆ సమాధి దగ్గరికే వెళ్తోంది. పూలు మారుస్తోంది, రాయి తుడుస్తోంది. అక్కడ కూర్చుని, అత్తగారూ, నా కడుపు నిలిచేలా చూడండి అని మొక్కుకుంది. కఫోవా కారు దగ్గర నిలబడేవాడు. దగ్గరికి ఎందుకు రావని అడిగితే ఎండగా ఉందనేవాడు.

"చెప్పొచ్చుగా," అంది. "ఒక్క ఆదివారం చెప్పొచ్చుగా! నేను దాని మీద కూర్చుని మీ అమ్మతో మాట్లాడుతుంటే చూస్తూ నిలబడ్డావా?"

"చెప్పనని అమ్మకి మాటిచ్చాను."

"నాకు ఏమిచ్చావు?"

అతను ఏడవడం మొదలుపెట్టాడు. మొగుడు ఏడవడం ఆమె తొమ్మిదేళ్ళలో రెండోసారి చూస్తోంది. జాలి రాలేదు. వస్తుందేమోనని కాసేపు చూసింది, రాలేదు.

"తవ్వించు," అంది.

"లోసా!"

"ఆవిడ కింద నా బిడ్డ వద్దు. ఇంకో చోట పెడదాం. నేను మట్టి వేస్తాను. నేను చూస్తాను. తవ్వించు."

"అమ్మని కదపాలి. పది నెలలే అయింది. అమ్మని కదపాలే లోసా!"

"కదుపు."

ఇద్దరూ ఒకేసారి పెద్దత్త వైపు తిరిగారు. ఆ కుటుంబంలో చావుకీ పుట్టుకకీ చివరి మాట ఆవిడది. ఆవిడ వద్దంటే దేశంలో ఎవరూ ఏ కాగితం మీదా కఫోవా చేత సంతకం పెట్టించలేరు. సరేనంటే ఆపేవాడు లేడు.

పెద్దత్త కళ్ళు తుడుచుకుంది. చాపని తన ఒళ్ళోకి లాక్కుని, ఈకల వైపు పైకి వచ్చేలా మడత పెట్టింది.

"కదపొచ్చు," అంది. "మా నాన్న ఎముకల్లోకి చెట్టువేరు పాకి, దాంతో బతికున్న మా అన్నకి తలనొప్పి పట్టుకుంటే, తీసి కడిగి మళ్ళీ పెట్టాం. చనిపోయినవాళ్ళు ఏమీ అనుకోరు, సరిగ్గా పిలిచి చెప్తే. కానీ ఏమని పిలిచి లేపుతామే ఆ పిల్లని? చాపకి పేరుంది, నాలుగు తరాలుగా. నా పిల్లకి పేరు లేదు."

"మీరే పెట్టాలి పెద్దత్తా. ఆ హక్కు మీదేగా."

"హక్కు నాదే. సమయానికి పిలిస్తే పెట్టేదాన్ని. ఇప్పుడు ఆరేళ్ళ పిల్ల అది." ఆవిడ ముందుకి వంగి లోసలినే చెయ్యి పట్టుకుంది. "ఈ ఆరేళ్ళూ నువ్వు ఊరికే ఉండి ఉండవు. కన్నదానివి. లోపల్లోపల ఏదో ఒక పేరుతో పిలుచుకునే ఉంటావు. అవునా?"

లోసలినే తల ఊపింది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. జెనీన్‌కి తెలియదు, కఫోవాకి తెలియదు. బిడ్డ కడుపులో ఉండగా ఒక సాయంత్రం, తన కాళ్ళకి నూనె రాస్తూ పాట పాడుతున్న మనిషిని చూసి అనుకున్న పేరు అది.

"అదే పెడతాను," అంది పెద్దత్త. "ఏదైనా సరే. మాటంటే మాటే. నేనే పైకి పిలుస్తాను, సమాధి దగ్గర అందరూ వినేలా పిలుస్తాను. ఆ తర్వాత తవ్వడం సంగతి చూద్దాం. చెప్పు."

కఫోవా తల ఎత్తాడు. లోసలినే అతని వైపు చూడలేదు.

"అకేసా," అంది.

పెద్దత్త వేళ్ళు ఆమె చెయ్యి వదిలేశాయి. ఏడేళ్ళుగా ఆవిడ ఆ పేరు నోటితో పలకలేదు. మీ అమ్మ అంది, మీ అత్తగారు అంది, పిచ్చిది అంది. ఆ పేరుని మాత్రం దాటుకుంటూ పోయింది.

పెద్దత్త పెదవులు విడివడ్డాయి. లోసలినే ఎదురుచూసింది.